తుట్టె కనబడంగనే గ్యాసునూనె సీసానా?

ఆగు బిడ్డా, ఆ సీసా కింద పెట్టు. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు కింద తేనెతుట్టె కనబడిందంటే చాలు, మన దిక్కు ఎవరికైనా ముందు యాదికొచ్చేది గ్యాసునూనె, కట్టెకు చుట్టిన గోనెగుడ్డ. "చీకటి పడంగనే కాల్చి పారేద్దాం" అని పక్కింటోళ్ళు కూడా తయారుగ ఉంటరు. మన ఊరు పాన్‌గల్‌లో కోటగుట్ట ఉన్నది, దాని చుట్టూ బండలున్నయి, పాత బురుజులున్నయి, పెద్ద పెద్ద మర్రి చెట్లున్నయి. ఇసొంటి ఊళ్ళె తేనెటీగలు ఉండుడు వింత కాదు. కాల్చేటోళ్ళు ఒక్క సంగతి మాత్రం అడగరు. అవి ఏ ఈగలు? అది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. కొన్ని తుట్టెల జోలికి అసలు పోవద్దు, కొన్నిటికి తేనె వరకే తీసుకొని ఊకోవాలె, ఒక్క రకాన్ని మాత్రం ఇంటికి తెచ్చి సాదుకోవచ్చు.

ట్యాంకు కింద ఉన్నదాన్నే చూడు. ఎత్తు మీద, నలుగురికీ కనబడేటట్టు, ఒకే ఒక్క పెర వేలాడుతున్నది కదా? అది పెద్ద తేనె. కొండ తేనె అని కూడా అంటరు. శాస్త్రం చదివినోళ్ళు ఎపిస్ డార్సాటా అని రాస్తరు. పెర మీటరు వెడల్పు దాకా పెరుగుతది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. నీకు నల్లగ కనబడే పరదా పెర కాదు, ఈగలే. ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా నిలబడి పెరను కప్పుకొని ఉంటయి. పెద్ద తుట్టెలో యాభై వేల ఈగలు ఉండొచ్చు. కందిరీగ దగ్గరికొచ్చినప్పుడు దూరం నుంచి చూడాలె తమాషా. ఒక ఈగ తోక పైకెత్తి దించుతది, పక్కది అందుకుంటది, దాని పక్కది అందుకుంటది. పైరగాలికి వరిమడి ఊగినట్టు తుట్టె మీద అల పారుతది, కన్ను మూసి తెరిచేలోపల. ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు గెరాల్డ్ కాస్ట్‌బెర్గర్, ఆయనతోటోళ్ళు దీన్ని వీడియోలు తీసి, లెక్కలు కట్టి, ఆ అలను చూసే కందిరీగలు వెనక్కి పోతున్నయని 2008లో రాసిండ్రు.

ఇంకొకటి చేను గట్టున, రేగు కంపలో, సన్న కొమ్మకు ఉంటది. అరచెయ్యంత పెర, కొమ్మను నడిమిట్ల పెట్టుకొని కడతది. అది జుంటి తేనె. ఈగ చిన్నది, పెర చిన్నది, తేనె కూడా గిన్నెడు మించదు. దాని తెలివి చూడు. తుట్టెకు రెండు దిక్కుల కొమ్మ చుట్టూ చెట్ల జిగురు తెచ్చి పూస్తది. చీమ వస్తే ఆ జిగురుకు అంటుకపోవాలె, దాటి రాలేదు. దాని జోలికి పోయే పనే లేదు. గొర్రెల కాపరి పిల్లలు మాత్రం ఊకోరనుకో, అది వేరే ముచ్చట.

మూడోది పుట్ట తేనె. తొర్ర తేనె అంటరు, ఎపిస్ సెరానా అంటరు. దీనికి చీకటి కావాలె. పుట్టలోపల, చెట్టు తొర్రలో, పాత బావి గోడలో రాయి ఊడిన సందులో, మూలకు పడేసిన చెక్కపెట్టెలో ఉంటది. ఒక్క పెరతోని ఆగదు, పక్కపక్కన వరుసగా ఐదారు పెరలు కడతది. నువ్వు ఇంట్ల సాదుకోవాలనుకుంటే నీకు కావాల్సింది ఇదే. పెద్ద తేనెను పెట్టెలో పెట్టి సాదుతనని ఎవరన్నా చెప్తే నవ్వి ఊకో. అది బయట, గాలిల, ఒక్క పెరతోని బతికే జాతి. చీకటి పెట్టెలో దింపితే లేచిపోతది.

పొద్దుతిరుగుడు చేల కాడ వరుసగా పెట్టెలు పెడతరు చూడు, అందులోవి ఎక్కువగా ఇటాలియన్ ఈగలు. మెల్లిఫెరా జాతి. అవి మనయి కావు, బయటి నుంచి తెచ్చినయి. 1960ల మొదట్ల కాంగ్రా లోయలో నగ్రోటా దగ్గర అవి మన దేశంల నిలదొక్కుకున్నయి. అంతకుముందు తెచ్చినోళ్ళు లేకపోలేదు, కానీ అప్పుడు నిలవలేదు. కుట్టని చిన్న నల్ల ఈగలు కూడా ఉన్నయి, గోడ సందుల్లో మైనం గొట్టం కట్టుకొని కాపురం చేస్తయి. వాటితోని ఎవరికీ తగాదా లేదు.

ఇగ కాల్చుడు సంగతికొద్దాం. నిప్పు పెడితే ఏమైతది? రెక్కలొచ్చిన ఈగల్లో చాలా లేచిపోతయి. కాలేది ఎగరలేని పిల్లపురుగులు, పుప్పొడి, మైనం. లేచిన ఈగలు చీకట్ల బల్బు వెలుగుకు వస్తయి. వీధి దీపం కింద కూసున్న ముసలాయన, పక్కింట్ల తొట్టెల పిల్ల, కొట్టంల బర్రె, వాళ్ళు ఏం పాపం చేసిండ్రు? పైగా రాణి బతికి ఉంటే మిగిలిన ఈగలు తెల్లారి పక్క కొమ్మకే ముద్దగ చేరుకుంటయి. పురుగుమందు కొట్టుడు ఇంకా అన్యాయం. మందు కొట్టిన పెరను దించి, పిండి, సీసాలకు పోసి అమ్మేటోడు ఉంటడు, కొనేటోడూ ఉంటడు.

పొగ వేరు, నిప్పు వేరు. తేనె తీసేటోళ్ళు పచ్చాకు, ఎండు పిడక కలిపి మంట లేవకుండ పొగ పెడతరు. ఈగలు ఒకదానికొకటి మాట్లాడుకునేది ఎక్కువగా వాసనతోని. ఒక ఈగ కుట్టిందంటే ముల్లుతో పాటు ఒక వాసన వదులుతది, పండిన అరటిపండు వాసనకు దగ్గరగా ఉంటది. "ఈడ్నే శత్రువు, రండి" అన్నట్టు ఆ వాసన మిగిలిన ఈగలను పిలుస్తది. పొగ ఆ వాసనను కప్పేస్తది. రెండోది, పొగ తగలంగనే ఈగలు కడుపునిండ తేనె తాగుతయి. అడవి అంటుకుంటున్నది, ఇల్లు వదిలి పోవాల్సి వస్తదేమో, దారి బత్తెం కట్టుకుందాం అని కావొచ్చు. కడుపు నిండిన ఈగకు పొట్ట వంచి కుట్టుడు కూడా అంత తేలిక కాదు.

అట్ల కుట్టిన వాసన బట్టకు అంటిందనుకో, ఒకటి కుట్టిన చోటనే పది కుడుతయి. అందుకే ఒక ఈగ నీ మీద వాలిందని టప్పున కొట్టి నలపకు. తుట్టె లేస్తే నిలబడి చేతులూపకు. మొఖం కప్పుకొని, తువ్వాల ఉంటే నెత్తి మీద వేసుకొని, తలుపులున్న ఇంట్లకు ఉరుకు. బావిల దూకితే తప్పించుకోవచ్చని పాత మాట ఒకటి ఉన్నది, నమ్మకు. నువ్వు ఊపిరి కోసం పైకి రాక తప్పదు, అవి పైన్నే తిరుగుతుంటయి.

కుట్టినంక ముల్లు ఊడదీయుడు తొందరగ కావాలె. తేనెటీగ ముల్లుకు వెనక్కి తిరిగిన పండ్లుంటయి. ఈగ ఎగిరిపోతది, ముల్లూ విషపు సంచీ మన తోల్లోనే ఉండిపోతయి, ఆ సంచి తనంతట తాను ఇంకా విషం ఎక్కిస్తనే ఉంటది. గోరుతో గీకుతవా, వేళ్ళతో పీకుతవా అని ఆలోచించేలోపల ఎక్కువ విషం పోతది. ఏదో ఒకటి వెంటనే చెయ్యి. సున్నం రాస్తరు మనోళ్ళు. విషం ఆమ్లం, సున్నం దానికి విరుగుడు అని లెక్క. కానీ ఆ మంటకు అసలు కారణం మెలిటిన్ అనే చిన్న ప్రోటీన్, అది తోలు కిందికి పోయింది, మీద పూసిన సున్నం దాన్ని చేరదు. చల్లటి గుడ్డ పెడితే మేలు. ఊపిరి ఆడకపోయినా, గొంతు, పెదవులు వాచినా, ఒళ్ళంత దద్దుర్లు లేచినా ఇక ఇంటి వైద్యం మాట ఎత్తకు, 108కు ఫోన్ చెయ్యి. కొందరికి ఒక్క ఈగ కుట్టినా ప్రాణం మీదికొస్తది. మామూలోళ్ళకు కూడా వందల ఈగలు కుడితే దవాఖానకే పోవాలె.

మరి ట్యాంకు కింద తుట్టెను ఏం చెయ్యాలె అంటవా? అది బడిలోనో, బస్టాండులోనో కాకుండ, మనుషుల చెయ్యి తగలని ఎత్తుల ఉంటే నా సలహా ఒక్కటే, వదిలెయ్యి. పెద్ద తేనె ఎప్పటికీ ఒక్క దిక్కు ఉండే జాతి కాదు. పూత ఉన్నన్ని రోజులు ఉంటది, పూత అయిపోయినంక పెర ఖాళీ చేసి పదుల కిలోమీటర్లు, వంద కిలోమీటర్లు దాటి కూడా పోతది. వేప, కానుగ, చింత పూసే కాలం ముగిసినంక చూస్తుండు, ఒకరోజు మిగిలేది ఎండిన మైనం ముక్కే.

వచ్చే ఏడు మళ్ళ అదే చోటికి రావొచ్చు. ఇది ఎట్లనో ఆలోచించు. కూలి ఈగ బతికేది కొద్ది నెలలే. పోయిన ఈగలు, తిరిగొచ్చే ఈగలు ఒకటి కావు. మరి దారి ఎవరు చెప్తున్నరు? 2000లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అస్సాంలో తుట్టెల డీఎన్ఏ తీసి చూస్తే, అంతకుముందు అక్కడ ఉండి పోయిన రాణుల్లో కొన్ని మళ్ళ అదే చోటికి వచ్చినయని తేలింది. దారి పట్టే కూలి ఈగలు మారినా చోటు మారలేదు. అదెట్లనో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మైనం వాసన కూడా కొత్త ఈగలను పిలుస్తది. కాబట్టి అవి లేచిపోయినంక నువ్వు చెయ్యాల్సిన పని ఒకటుంది. ట్యాంకు అడుగున మైనం మరక గీకి, కడిగి, సున్నం కొట్టు. మళ్ళ రావొద్దంటే కాల్చుడు కన్నా ఇది మంచి ఉపాయం.

బడి దగ్గరనో, దవాఖాన దగ్గరనో ఉంటే వదిలెయ్యలేం, నిజమే. అప్పుడు తెలిసినోళ్ళను పిలవాలె. తెలిసినోళ్ళంటే ఎవరు? మనకు దూరం పోయే పని లేదు. నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ అడవి, మన్ననూరు, ఫర్హాబాద్ దిక్కు చెంచులున్నరు. నల్లమల కొండ చరియలకు పెద్ద తేనె తుట్టెలు వేలాడుతుంటయి. చెంచు మనిషి కొండ పై నుంచి తీగతో, నారతో పేనిన తాడు కిందికి వదిలి, దాన్ని పట్టుకొని దిగుతడు. కింద లోయ. మరి పైన తాడు పట్టుకునేదెవరు? బావమరిది. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు తన చేతులతోనే పోగొట్టుకునే మనిషి ఉండడు కదా! ఈ లెక్క ఏ ఇన్సూరెన్సోడికి తట్టుతది చెప్పు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ అడవుల్లో చెంచుల మధ్య ఉండి వాళ్ళ బతుకు రాసిండు. ఆ పుస్తకం 1943లో అచ్చయింది.

వాళ్ళ పనిల నాకు నచ్చింది తాడు ఒక్కటే కాదు. పెద్ద తేనె పెరను జాగ్రత్తగ చూస్తే, తేనె అంతా పైన ఒక మూలకు, లావుగ ఉబ్బిన చోట ఉంటది. కింద సన్నగ వేలాడే భాగంల గుడ్లు, పిల్లలు ఉంటయి. నేర్పు తెలిసినోడు ఆ తేనె మూల వరకే కోసి, పిల్లల భాగాన్ని అట్లనే వదుల్తడు. ఈగలు పిల్లల కోసం అక్కడనే ఉండి, కోసిన మూలను మళ్ళ కట్టుకొని తేనె నింపుతయి. రెండోసారి కూడా తీసుకోవచ్చు. మొత్తం పెర కోస్తే ఒక్కసారితోని అయిపోతది. విశాఖలో పుట్టిన కోవెల్ ఫౌండేషన్ లాంటి సంస్థలు గిరిజనులకు ఈ పద్ధతినే నేర్పుకుంట వచ్చినయి, తేనె చేత్తో పిండకుండ వడగట్టుడు కూడా. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉన్నది, అడవి తేనె కొని అమ్ముతది. 2006 అటవీ హక్కుల చట్టంల చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వరుసల తేనె పేరు కూడా రాసి ఉన్నది. అంటే అది వాళ్ళ హక్కు, ఎవరో దయతలచి ఇచ్చేది కాదు.

ఇగ నీకు పెట్టె కావాలంటున్నవు. అయితే పుట్ట తేనె సంగతి నిమ్మళంగ విను.

ఇప్పటి పెట్టె తేనె మొదలైంది ఒక చిన్న సందుతోని. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు ఒకటి గమనించిండు. పెరకూ గోడకూ మధ్య సెంటీమీటరుకు కొంచెం తక్కువ సందు వదిలితే ఈగలు దాన్ని నడిచే దారిగా వదిలేస్తయి. ఎక్కువైతే అక్కడ పెర కడతయి, తక్కువైతే జిగురుతో మూసేస్తయి. అంతే, ఆ కొలతతో కట్టె చట్రాలు పెట్టెలో వేలాడదీస్తే, ఒక్కో చట్రాన్ని పైకి తీసి చూసి మళ్ళ పెట్టొచ్చు. అంతకుముందు తేనె కావాలంటే ఎక్కువసార్లు తుట్టెను పాడు చేయక తప్పేది కాదు. మన పుట్ట తేనె చిన్నది, దానికి చిన్న పెట్టె కావాలె. తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ 1910ల్లో అట్లాంటి పెట్టె తయారుచేసి మందికి నేర్పిండు. న్యూటన్ పెట్టె అని దక్షిణాదిల ఇప్పటికీ అదే నడుస్తది.

పుట్ట తేనెను గోడ సందు నుంచి పెట్టెలోకి మార్చాలంటే తొందర పనికిరాదు. పొద్దు గూకేముందు, మేతకు పోయిన ఈగలు తిరిగొచ్చే వేళ మంచిది. కొంచెం పొగ పెట్టి, రాయి తొలగించి, పెరలను ఒక్కొక్కటి కొయ్యాలె. తేనె ఉన్న భాగం వేరే గిన్నెల వెయ్యి. పిల్లలున్న పెరను చట్రంల సరిపెట్టి, అరటినారతో కట్టు. ఈగలు రెండు మూడు రోజుల్లో మైనంతో అతికించుకుంటయి, ఆ నారను కూడా అవే కొరికి పడేస్తయి. పెరను పైకీ కిందికీ తారుమారు చెయ్యకు. ఈగ గదులు కొంచెం పైకి వంగి ఉంటయి, లేకపోతే తేనె కారిపోతది.

అన్నిటికన్నా కష్టం రాణిని దొరకబట్టుడు. పొడుగు పొట్ట, పొట్టి రెక్కలు, చీకట్లకు ఉరుకుతది. కనబడకపోయినా ఫికర్ చెయ్యకు, ఈగలే చెప్తయి. కొన్ని ఈగలను పెట్టెలో దులిపి చూడు. రాణి లోపలుంటే, ద్వారం కాడ కొన్ని ఈగలు తోకలెత్తి రెక్కలాడిస్తయి. అవి విసిరేది గాలి కాదు, వాసన. బయట తిరిగే ఈగలన్నీ ఆ వాసన పట్టుకొని బారులు తీరి లోపలికి నడుస్తయి. గడియల మీద గడియలు చూసినా ఆ నడక చూడబుద్ధయితది. రాణి లోపల లేకపోతే మాత్రం ఎంత దులిపినా ఈగలు మళ్ళ సందులోకే పోతయి.

చీకటి పడ్డంక ద్వారం మూసి పెట్టెను తరలించు. వంద గజాల దూరంల పెడితే తెల్లారి మేతకు పోయిన ఈగలు పాత సందు కాడికే తిరిగి వస్తయి, అవి దారి నేర్చింది అక్కడికే. రెండు మూడు కిలోమీటర్ల అవతల కొన్ని రోజులు ఉంచి, ఆ తర్వాత నీకు కావాల్సిన చోటికి తెచ్చుకో. పెట్టెకు నాలుగు కాళ్ళు పెట్టి, ఒక్కో కాలు కింద నీళ్ళ గిన్నె ఉంచు, చీమలు ఎక్కవు. చక్కెర పాకం కొన్నాళ్ళు పొయ్యి. ఊకే మూత తీసి చూడకు. పుట్ట తేనెకు కోపం కన్నా అలక ఎక్కువ, విసిగిస్తే ఒకరోజు పొద్దున పెట్టె ఖాళీ చేసి పోతది.

లెక్కల కోసం పెట్టుకుంటే నిరాశే. మన దేశీ ఈగ పెట్టెకు ఏడాదికి ఇచ్చే తేనె కొన్ని కిలోలే. ఇటాలియన్ ఈగ దానికి ఎన్నో రెట్లు ఇస్తది, అందుకే వ్యాపారం చేసేటోళ్ళు దాని వెనక పోయిండ్రు. ఇంకో కారణం కూడా ఉన్నది. 1991, 92 ప్రాంతంల థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిల దేశీ ఈగల మీద పడింది. గూట్లో పిల్లపురుగులు నీళ్ళసంచి తీరు ఉబ్బి చచ్చినయి. కేరళ, తమిళనాడు, కర్నాటకల పెట్టెలు ఖాళీ అయినయి. తట్టుకొని మిగిలిన తుట్టెల నుంచే ఇప్పుడున్నయి మళ్ళ పెరిగినయి. గోడ సందుల బతికున్న ఒక్క పుట్ట తేనె గూడును కాల్చకు అని నేను అందుకే అంటున్న. ఆ రోగాన్ని గెలిచిన సంతానమో ఏమో, నీకూ తెల్వదు, నాకూ తెల్వదు.

చేనుకు లాభమా అంటే, అన్ని పంటలకూ కాదు. వరి తన పూవుతో తానే గింజ పట్టుకుంటది, వేరుశనగ తన పూవుతో తానే కాయ పట్టుకుంటది. ఈ రెండింటికి తేనెటీగలే కావాలె అనేటోళ్ళు అబద్ధం చెప్తున్నట్టే. పొద్దుతిరుగుడు, పుచ్చ, దోస, బీర, సొర, గుమ్మడి, వీటికి మాత్రం ఈగ కావాలె. తీగ కూరల్లో మగపూవు వేరు, ఆడపూవు వేరు. పుప్పొడి మోసేటోళ్ళు లేకపోతే పిందె పసుపుపచ్చగ మాడి రాలుతది, రైతేమో నీళ్ళు తక్కువైనయనుకుంటడు. పొద్దుతిరుగుడుకు మందు కొట్టక తప్పకపోతే పొద్దుగూకినంక కొట్టు. పొద్దున కొడితే పూల మీదున్న ఈగలన్నీ పోతయి, నీవీ పోతయి, పక్క చేనోడివీ పోతయి.

నేర్చుకోవాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉన్నది, తేనెటీగల పెంపకం మీద శిక్షణ ఇస్తరు. పుస్తకం చదివి చేసే పని కాదిది, చేతికి నాలుగు ముండ్లు దిగాలె. పెట్టె తేవాలంటే ఇప్పుడు కాదు, వానకాలం పోనీ. వానల్లో పూలు తక్కువ, తుట్టెకు ఆకలి ఎక్కువ, కొత్తగ తెచ్చిన గూడు నిలవదు. దసరా దాటినంక, కందులు పూతకొచ్చే రోజుల్ల చూద్దాం. అప్పటిదాక ఏ పాత బావి గోడలనో పుట్ట తేనె ఈగలు పోయేదీ వచ్చేదీ దూరం నుంచి చూసి పెట్టుకో. కాళ్ళకు పసుపుపచ్చటి పుప్పొడి ముద్దలు కట్టుకొని లోపలికి పోతున్నయంటే లోపల పిల్లలున్నట్టు, గూడు బాగున్నట్టు. ఆ గ్యాసునూనె సీసా మీ నాయనమ్మకిచ్చెయ్యి, దీపానికి పనికొస్తది.